బ్యాటరీ ఊడదీశాకే చెయ్యి పెట్టండి

పనిముట్ల పెట్టె: పాఠకుల ప్రశ్నలు, మేస్త్రి జవాబులు

నాది ఒడిశాలోని పర్లాకిమిడి. వడ్రంగం మా ఇంటి పని. పదమూడో ఏట చేత్తో కన్నాలు వేసే బర్మా తాడు లాగడంతో మొదలుపెట్టి, కరెంటు డ్రిల్లు దాకా వచ్చి, గత పదేళ్లుగా మెషీన్ల రిపేరు షాపు నడుపుతున్నాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వైరు లేని బ్యాటరీ మెషీన్ల గురించే. రాయగడ, గుణుపురం, బరంపురం, జయపురం, అన్ని వైపుల నుంచీ ఒకే రకం బాధలు. డబ్బాలో పెట్టే పుస్తకం తెలుగులో ఉండదు, ఒడియాలోనూ ఉండదు. చదవలేని పుస్తకాన్ని ఎవరు దాచుకుంటారు? అందుకే ఈసారి చోటంతా వీటికే ఇచ్చాను.

*

గురువుగారికి నమస్కారం. ఆరు నెలల కిందట బ్యాటరీ డ్రిల్లు కొన్నాను. దాని బ్యాటరీ ప్యాకు మీద 88 వోల్టులు అని రాసి ఉంది. కంపెనీ డ్రిల్లు 18 వోల్టులే కదా, దీనికి దానికంటే నాలుగింతలు బలం అని అమ్మినతను చెప్పాడు. ఇప్పుడు నాలుగు కన్నాలు వేసేసరికి ఆగిపోతోంది. ఛార్జరు మీద పెడితే మాత్రం ఐదు నిమిషాలకే పచ్చ దీపం వచ్చేస్తోంది. ఏమిటీ మాయ?
— ఒక వడ్రంగి, రాయగడ

తమ్ముడూ, ఆ 88 అనేది స్టిక్కరు మీద ఉంది గానీ లోపల లేదు. ఛార్జరు తిరగేసి, ఔట్‌పుట్ అన్నచోట చూడు. ఇలాంటి ప్యాకులతో వచ్చే ఛార్జర్లు నా దగ్గరికి ఎన్ని వచ్చినా అక్కడ 21 వోల్టులనే ఉంటుంది. లిథియం సెల్లు పూర్తిగా ఎక్కితే 4.2 వోల్టులు. ఐదు సెల్లులు వరసన కడితే 21. అదే సెల్లు పనిలో ఉన్నప్పుడు సగటున 3.6 వోల్టులు ఇస్తుంది, ఐదింటికి కలిపి 18. అంటే 18 అన్నా, 20 అన్నా, 21 అన్నా అవే ఐదు సెల్లులు, లెక్క కట్టే తీరు వేరంతే. నిజంగా 88 వోల్టులు రావాలంటే కనీసం ఇరవై ఒక్క సెల్లు వరసన పట్టాలి. ఒక్కో సెల్లు 45 గ్రాముల దాకా ఉంటుంది. నీ ప్యాకు తూకం వేసి చూడు, తెలిసిపోతుంది.

నువ్వు చూడవలసిన అంకె యాంపియర్ అవర్. 2 అని ఉంటే మామూలుగా ఐదు సెల్లులు, 4 అని ఉంటే చాలావాటిలో జంటలుగా పది సెల్లులు. పని ఎంతసేపు సాగుతుందో చెప్పేది ఆ అంకె. అందులోనూ అబద్ధాలు రాసేవాళ్లున్నారు. అందుకే తూకం కూడా చూడమంటున్నాను.

ఇక పచ్చ దీపం సంగతి. పోయిన వారం ఇలాంటి ప్యాకే నా బల్ల మీదికి వచ్చింది. నాలుగు స్టారు స్క్రూలు విప్పి పై డబ్బా లేపాను. లోపల బొటనవేలంత లావున, 65 మిల్లీమీటర్ల పొడవున ఐదు సెల్లులు, వాటిని కలుపుతూ నికెల్ పట్టీలు, పైన ఛార్జింగుని అదుపు చేసే చిన్న బోర్డు. ఒక్కో సెల్లుకీ వోల్టుల మీటరు ముళ్లు ఆనించాను. 4.19, 4.18, 4.19, 4.17. ఐదోది 3.05. జబ్బు అక్కడుంది. నాలుగు సెల్లులు నిండిపోయాయి కాబట్టి బోర్డు ఛార్జింగు ఆపేసి పచ్చ దీపం చూపిస్తుంది. డ్రిల్లు లాగడం మొదలెట్టగానే నీరసంగా ఉన్న ఐదోది ముందు కూలబడుతుంది, బోర్డు అంతా కట్టేస్తుంది. ఐదు ఎడ్లు కట్టిన బండిలో ఒక్కటి మోకరిల్లితే బండి ఆగినట్టే.

ఆ ఒక్క సెల్లు పీకేసి కొత్తది టంకం వెయ్యమని అడిగేవాళ్లు చాలామంది. నేను వెయ్యను, నువ్వూ వెయ్యకు. టంకం వేడికే సెల్లు దెబ్బతింటుంది. పాత నాలుగు, కొత్త ఒకటి ఎప్పుడూ సమానంగా నడవవు. బోర్డు నాసిరకమైతే ఏదో ఒకటి పరిమితి దాటి ఎక్కుతుంది, ఎక్కినది మండుతుంది. మంచి ప్యాకు కొనుక్కో. కొనేముందు ఒక్క ప్రశ్న అడుగు: మూడేళ్ల తర్వాత ఇదే ప్యాకు మన వైపు దొరుకుతుందా? దొరకదంటే డ్రిల్లు ఎంత చవకైనా వద్దు.

ఇంకో మాట. ప్యాకుని బండి డిక్కీలో పెట్టుకుని తిరుగుతున్నావేమో. చైత్ర, వైశాఖాల్లో మూసిన డిక్కీలో వేడి ఎలా ఉంటుందో నీకు తెలుసు. సెల్లుకి వేడే పెద్ద శత్రువు. పని నుంచి దించిన ప్యాకు చేతికి కాలుతుంటే వెంటనే ఛార్జరు మీద పెట్టకు. నీడలో అరగంట చల్లారనీ. 45 డిగ్రీలు దాటిన సెల్లుకి ఛార్జింగు ఎక్కించకూడదు. మంచి ఛార్జర్లు అప్పుడు దీపం మిణుకుమిణుకుమనిపిస్తూ ఆగి చూస్తాయి, చవకవి ఎక్కించేస్తాయి.

*

బ్యాటరీ పూర్తిగా దిగిపోయాకే ఛార్జింగు పెట్టాలని మా మేనమామ అంటాడు. నిజమేనా?
— ఎలక్ట్రీషియన్, జయపురం

మీ మావయ్య చెప్పేది ఆయన కాలానికి నిజమే. 1961లో మొదటి బ్యాటరీ డ్రిల్లు వచ్చినప్పటి నుంచీ చాలా ఏళ్లు ఇవి నికెల్ కాడ్మియం సెల్లులతో నడిచాయి. వాటిని పూర్తిగా దించి ఎక్కించమనేవారు. 1991లో బజారుకొచ్చిన లిథియం అయాన్ సెల్లుది వేరే గుణం. అడుగంటా దిగితేనే దానికి దెబ్బ. బలం తగ్గినట్టు చేతికి తెలియగానే తీసి ఎక్కించండి. నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జీతో, మెషీన్ నుంచి ఊడదీసి, ఇంట్లో చల్లగా ఉండే మూల పెట్టండి. చచ్చిపోయిన ప్యాకుని ఇంకో ప్యాకుతో వైర్లు కలిపి లేపే పద్ధతి ఫోన్లలో చూపిస్తున్నారట. ఒక్కో సెల్లు రెండున్నర వోల్టుల కంటే బాగా కిందికి దిగి అలాగే ఉండిపోతే లోపలి రాగి కరగడం మొదలవుతుంది, మళ్లీ ఎక్కిస్తే లోపలే షార్టు అవుతుంది. ఆ పని చెయ్యకండి.

*

అన్నా, చెక్క కోతకి వేరే రంపం మెషీన్ కొనలేక బ్యాటరీ గ్రైండరుకే పళ్ల బ్లేడు బిగించి వాడుతున్నాను. బ్లేడుని కప్పే గార్డు అడ్డమొస్తోందని తీసేశాను. రెండేళ్లలో ఏమీ కాలేదు. మా నాన్న మాత్రం రోజూ తిడుతున్నాడు. అంత భయపడాలా?
— మిస్త్రీ, 22 ఏళ్లు, బరంపురం

నాయనా, భయపడాలి. మీ నాన్నగారు తిట్టడం లేదు, బతిమాలుతున్నారు.

లెక్క చెబుతాను. నిమిషానికి 8,500 చుట్లు తిరిగే నాలుగంగుళాల బ్లేడు అంచు గంటకి 160 కిలోమీటర్ల వేగంతో పోతుంది. రాతి బ్లేడు ఇనుముని అరగదీస్తుంది, కొరకదు. పళ్ల బ్లేడు కొరుకుతుంది. టేకు చెక్క కోస్తుండగా కోత మూసుకుని బ్లేడుని నొక్కిందనుకో, కొరికిన పన్ను చెక్కలో ఇరుక్కుంటుంది, మెషీన్ మొత్తం నీ మీదికి ఎగురుతుంది. చెక్క కోసే సర్క్యులర్ రంపానికి కింద పలక ఉంటుంది, కోత అయిపోగానే దానంతటదే మూసుకునే గార్డు ఉంటుంది. గ్రైండరుకి ఆ రెండూ లేవు, నువ్వు ఉన్న ఒక్క గార్డూ తీసేశావు. ఇలా ఎగిరినవి నేను ఎరిగినంతలో మూడు చోట్ల తగిలాయి: ఎడమ చెయ్యి, తొడ, మెడ. మెడకి తగిలినతను నా కంటే చిన్నవాడు. ఇప్పుడు లేడు.

పళ్ల బ్లేడు ఈ రోజే తీసెయ్. చెక్కకి పాత చేతిరంపమైనా సరే, అద్దెకి తెచ్చిన సర్క్యులర్ రంపమైనా సరే. గ్రైండరుకి గార్డు బిగించి ఇనుము పనికే వాడు. రాతి బ్లేడు కొనేటప్పుడు దాని మీద రాసిన చుట్ల అంకె మెషీన్ మీద రాసిన దానికంటే ఎక్కువ ఉండాలి. నడిమి ఇనుప రింగు మీద నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి, ఆ గడువు దాటితే వద్దు. కింద పడిన రాతి బ్లేడు పైకి బాగానే కనిపించినా పారెయ్యి.

ఇప్పుడు నా సంగతి. ఎడమ చూపుడు వేలికి మొదటి కణుపు నాకు లేదు. ఏడేళ్ల కిందట పోయింది. పోయిన తీరు చెబుతాను, ఎందుకంటే అది వైరు మెషీన్‌తో పోలేదు, బ్యాటరీ మెషీన్‌తోనే పోయింది.

సాయంత్రం ఐదయింది. ఒక ఇంటి గ్రిల్లు కోస్తున్నాను. కోత మధ్యలో గ్రైండరు మూలిగి ఆగిపోయింది, ఛార్జీ అయిపోయింది. దాని స్విచ్చి పక్కకి జరిపే రకం, జరిపితే అలాగే ఉండిపోతుంది. మెషీన్ ఆగింది కదా అని స్విచ్చి వెనక్కి జరపలేదు. పాత ప్యాకు తీసి పక్కన పెట్టాను. బ్లేడు అరిగిందని కొత్తది మార్చాను, పానాతో బిగించాను. అంతవరకూ సరిగానే చేశాను, ప్యాకు లేదు కాబట్టి. తర్వాత మెషీన్ ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేత్తో ముందు భాగం పట్టుకుని, కుడి చేత్తో ఛార్జీ ఉన్న ప్యాకు తోశాను. టక్ మని కూర్చుంది. ఆ టక్ చప్పుడు వినిపించిన క్షణానే బ్లేడు తిరిగింది. నేను స్విచ్చి ముట్టుకోనేలేదు. ముందే ముట్టుకుని వదిలేశానని అప్పటికి గుర్తులేదు.

మంచి గ్రైండర్లలో స్విచ్చి నొక్కి ఉండగా ప్యాకు పెడితే తిరగకుండా ఏర్పాటు ఉంటుంది. నాది చవకది, ఆ ఏర్పాటు లేదు. నీదానికి ఉందో లేదో తెలుసుకోవాలంటే ముందు బ్లేడు తీసేసి, మెషీన్ బల్లకి గట్టిగా అదిమిపెట్టి, స్విచ్చి నొక్కి ఉంచి ప్యాకు పెట్టి చూడు. తిరిగిందంటే దానికి లేదు.

వైరు మెషీన్‌కి మనం తెలియకుండానే ఒక అలవాటు నేర్చుకున్నాం. ప్లగ్గు పీకేస్తాం, వైరు నేల మీద పడి ఉండడం కంటికి కనబడుతుంది, మెషీన్ చచ్చిందని తెలుస్తుంది. బ్యాటరీ మెషీన్‌కి ఆ గుర్తు లేదు. చప్పుడు చెయ్యకుండా బల్ల మీద పడి ఉన్నా ప్యాకు ఉన్నంతసేపూ అది బతికే ఉంది. బ్లేడు మార్చినా, డ్రిల్లుకి బిట్టు మార్చినా, ఇరుక్కున్న పొట్టు తీసినా, పిల్లాడి చేతికి అందించినా, ముందు ప్యాకు ఊడాలి. మళ్లీ పెట్టేముందు కళ్లు స్విచ్చి మీద ఉండాలి, ముందు భాగం దగ్గర చెయ్యి ఉండకూడదు. నా షాపులో పని నేర్చుకునే కుర్రాళ్ల చేత, వాళ్లలో ముగ్గురు ఒడియా పిల్లలు, నేను ఈ రెండు మాటలూ రెండు భాషల్లోనూ పైకి అనిపిస్తాను: ప్యాకు ఊడింది, స్విచ్చి చూశాను. నువ్వూ పైకి అను.

*

అన్నయ్యా, మా జీడితోటలో ఎండుకొమ్మలు కొయ్యడానికి మా ఆయన చేతిలో పట్టే చిన్న బ్యాటరీ గొలుసు రంపం తెచ్చారు. తేలికగా ఉంది, నేనూ కోస్తున్నాను. కానీ రెండు మూడు సార్లు గొలుసు ఊడి వచ్చింది, పొగ కూడా వస్తోంది. ఎలా వాడాలి?
— జీడి రైతు, పర్లాకిమిడి దగ్గరి పల్లె

అమ్మా, తేలిగ్గా ఉండడమే దానితో చిక్కు. బరువైనది రెండు చేతులతో పడతాం, తేలికైనది ఒక చేత్తో పట్టి రెండో చేత్తో కొమ్మ పట్టుకుంటాం. చిన్న రంపంతో తెగిన చేతుల్లో ఎక్కువ ఆ కొమ్మ పట్టుకున్న చెయ్యే. రెండో చెయ్యి మెషీన్ మీదైనా ఉండాలి, లేదా కోతకి బాగా దూరంగా ఉండాలి. నిచ్చెనెక్కి కొయ్యొద్దు. చీర కొంగు బిగించి దోపుకోండి, కళ్లజోడు పెట్టుకోండి.

గొలుసు ఊడేది వదులు వల్ల. ప్యాకు తీసేసి, మందపాటి గుడ్డతో పట్టుకుని, గొలుసు తిరిగే పొడుగు పలక మధ్యలో గొలుసుని పైకి లాగి చూడండి. కొంచెం లేవాలి, కానీ దాని లోపలి పళ్లు గాడిలోంచి పూర్తిగా బయటికి రాకూడదు. వస్తే స్క్రూతో బిగించండి. కొత్త గొలుసు మొదటి రోజుల్లో సాగుతుంది కాబట్టి గంటకోసారైనా చూడాలి. పొగకి కారణం నూనె లేకపోవడం, లేదా మొద్దుబారిన పళ్లు. పెద్ద రంపాల్లో నూనె దానంతటదే కారుతుంది, ఈ చిన్నవాటిలో చాలావాటికి మనమే వెయ్యాలి. కాసేపు కోశాక నాలుగు చుక్కలు గొలుసు మీద. ఇంజన్లోంచి దించిన నల్ల నూనె వద్దు, అందులో ఇనుప రజను ఉంటుంది. పళ్లు మొద్దుబారాయో లేదో పొట్టు చెబుతుంది: పదునుగా ఉంటే పలుకులు పలుకులుగా రాలుతుంది, మొద్దుబారితే పిండిలా వస్తుంది. జీడి జిగురు పట్టిన గొలుసుని విప్పి కిరసనాయిలుతో బ్రష్షు పెట్టి కడగండి. ప్లాస్టిక్ శరీరానికి మాత్రం కిరసనాయిలు, పెట్రోలు, థిన్నరు ఏవీ తగలనివ్వకండి, ప్లాస్టిక్కు పగుళ్లిస్తుంది.

రంపం కొసతో, ముఖ్యంగా కొస పైభాగంతో, ఎప్పుడూ కొయ్యొద్దు. ఆ చోటు కొమ్మకి తగిలితే రంపం మొహం మీదికి తన్నుతుంది. లావు కొమ్మకి ముందు కిందినుంచి మూడో వంతు కోసి, తర్వాత కొంచెం అవతలగా పైనుంచి కొయ్యండి. అప్పుడు గొలుసు ఇరుక్కోదు, కొమ్మ విరిగేటప్పుడు బెరడు చెట్టు వెంట చీలదు. కోసిన చోట తెగులు పట్టకుండా బోర్డో పేస్టు పూయడం మరిచిపోకండి, చెట్టుకీ గాయమే కదా.

*

మొన్నటి వానలకి వంశధార నీళ్లు షెడ్డులోకి వచ్చి డ్రిల్లు, రెండు ప్యాకులు ఒక రాత్రంతా నానిపోయాయి. ఎండబెట్టాను. బియ్యంలో పెడితే తేమ లాగుతుందన్నారు. ఛార్జింగు పెట్టొచ్చా?
— ఫర్నిచరు పనివాడు, గుణుపురం

వద్దు బాబూ. ఈ ఉత్తరం చదివి వెంటనే జవాబు విడిగా రాశాను, మిగతావాళ్ల కోసం ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మన గజపతి జిల్లా మీదుగా పోయాక నా షాపుకి గోనెసంచుల్లో మెషీన్లు వచ్చాయి, అన్నీ బురదే. అందులో ఒకాయన తన ప్యాకుని మూడు రోజులు ఎండబెట్టి, పైకి పొడిగా ఉందని రాత్రి ఛార్జరు మీద పెట్టి పడుకున్నాడు. తెల్లవారుజామున ఇల్లంతా పొగ. మనుషులు బయటపడ్డారు, గది కాలిపోయింది. బురద నీరు ఆరిపోతుంది గానీ అందులోని ఉప్పు, మట్టి సెల్లుల మధ్య, బోర్డు మీద ఉండిపోతాయి. పట్టీలు తుప్పు పడతాయి. ఈ రోజు కాకపోతే మూడు వారాల తర్వాత షార్టు అవుతుంది. ఆ ఉప్పుని బియ్యం తియ్యలేదు.

రెండు ప్యాకుల్లో కరెంటు వచ్చే కొసలకీ టేపు చుట్టి, ఇంటికి దూరంగా, ఇసుక పోసిన పాత ఇనుప బాల్చీలో పెట్టండి. తర్వాత మీకు మెషీన్ అమ్మిన షాపుకి ఇవ్వండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసినవాళ్లదే, అడగడం మన హక్కు. చెత్తబండిలో మాత్రం వెయ్యకండి, చెత్త నొక్కుడికి ప్యాకు చితికి మంటలొస్తాయి. డ్రిల్లు మోటారు, గేరు భాగం బతికే అవకాశం ఉంది. విప్పి, మంచినీళ్లతో బురద కడిగి, పూర్తిగా ఆరబెట్టి కొత్త గ్రీజు పెట్టించండి.

ఎప్పుడైనా ప్యాకు ఉబ్బినా, బుస్సుమన్నా, తియ్యటి ఘాటు వాసన వచ్చినా చేత్తో ఎత్తకండి. పారతో బయటికి తొయ్యండి. మంట లేస్తే దూరం నుంచి నీళ్లు ధారాళంగా పొయ్యండి, ఆ పొగ పీల్చకండి, ఆరినా మళ్లీ అంటుకుంటుందని గుర్తుంచుకోండి. ఛార్జరు ఎప్పుడూ గచ్చు మీద ఉండాలి. పొట్టు, పాలిష్ గుడ్డలు, థిన్నరు డబ్బాలు ఉన్న బల్ల మీద కాదు. పడుకునేముందు తీసెయ్యాలి.

*

మా అబ్బాయి పదో తరగతి పాసై పర్లాకిమిడిలో ఫర్నిచరు షాపులో హెల్పరుగా చేరాడు. చేతులకి మంచి గ్లౌజులు కొని పంపుదామనుకుంటున్నాను. ఏ రకం కొనాలి?
— ఒక తల్లి, కాశీనగర్

అమ్మా, గ్లౌజుల డబ్బుతో ముందు కళ్లజోడు కొనండి, పక్కలు కూడా మూసి ఉండే రకం. గీతలు పడితే వెంటనే కొత్తది కొనండి, గీతల అద్దంలోంచి కనపడక పిల్లలు దాన్ని తీసి నెత్తి మీద పెట్టుకుంటారు. తర్వాత ఎన్95 మాస్కు, రంపం పొట్టుకీ రాతి దుమ్ముకీ. గ్లౌజులు చెక్కలు మోసేటప్పుడు వేసుకోనివ్వండి. డ్రిల్లు దగ్గర మాత్రం వద్దు. తిరిగే బిట్టు గ్లౌజు దారం పట్టుకుందంటే చేతిని కూడా చుట్టేసుకుంటుంది. మణికట్టుకి కట్టిన దారాలు, ఉంగరం, మెడలో తువాలు, పొడుగు చేతుల చొక్కా గుండీ పెట్టకుండా వదిలెయ్యడం, ఇవన్నీ అంతే.

కంట్లో రజను పడితే నలపొద్దని, గుచ్చుకున్నది తానే తియ్యొద్దని చెప్పండి. ఎవరికైనా వేలు తెగిపడితే గాయం గట్టిగా నొక్కి పట్టాలి. తెగిన ముక్కని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, పాలిథిన్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని ఐసులో ఉంచాలి. ముక్క నేరుగా ఐసుకి తగలకూడదు. అలాగే ఆసుపత్రికి పట్టుకెళ్లాలి. నా వేలప్పుడు ఈ సంగతి అక్కడున్నవాళ్లెవరికీ తెలియదు.

అబ్బాయిని ఒక సాయంత్రం మా షాపుకి పంపండి, ఆరు తర్వాత ఖాళీగానే ఉంటాను. వాళ్ల షాపులో వాడే గ్రైండరు ఏ రకమో చూసి రమ్మనండి, స్విచ్చి నొక్కి ఉంచి ప్యాకు పెడితే తిరుగుతుందో లేదో ఇద్దరం కలిసి చూస్తాం.